పెళ్ళి కాలేదనడానికి ఆధారాలు

మా అమ్మాయి రోహిణి సైన్యంలో చేరతానన్న రోజు నేను దాన్ని వంటింటి కిటికీ దగ్గరకు పిలిచి నోరు తెరవమన్నాను. సైన్యం భర్తీ ప్రకటనలో పళ్ళ సంగతి కూడా రాసి ఉంది. అది పరుగు దాకా చదివి ఆపేసింది. నేను మొత్తం చదివాను. ఇంట్లో ఎవరో ఒకరు చివరి పేజీ దాకా చదవాలి, ఆ పని ఎప్పుడూ నాదే.

పళ్ళు బాగానే ఉన్నాయి. గుమ్మానికి ఆనించి పెన్సిలుతో గీత గీసి చూస్తే ఎత్తు సరిపోయింది. ఒంటి మీద పచ్చబొట్టు లేదు. ఇక పరుగు. పదహారు వందల మీటర్లు ఏడున్నర నిమిషాల్లోపు పరిగెత్తాలి. మొదటి రోజు తొమ్మిది నిమిషాలు పట్టింది, వచ్చి అరుగు మీద చాప పరిచినట్టు పడిపోయింది. ఆ మర్నాటి నుంచి తెల్లారగట్ల రాగిజావ, నానబెట్టిన శనగలు, రెండు కోడిగుడ్లు మొదలుపెట్టాను. జడ కత్తిరించమని అదే అడిగింది. కత్తెర నేనే పట్టుకున్నాను.

వాళ్ళ నాన్న గౌరునాయుడు గారికి బజార్లో మందుల షాపు ఉంది. "ఆడగుంటకి మిలట్రీ ఏటే, ఇడ్డూరం కాకపోతే!" అన్నారు ఆయన. వారం తర్వాత ఏమీ చెప్పకుండా ఒక స్టాప్‌వాచ్ కొని తెచ్చి టీవీ మీద పెట్టారు.

చివరి పేజీలో తేవలసిన కాగితాల జాబితా ఉంది. అందులో ఏడోది అవివాహిత ధ్రువపత్రం. ఫోటో అంటించి, ఆరు నెలల లోపు తీసుకున్నది కావాలి. భర్తీ ర్యాలీకి నలభై రెండు రోజులుంది. రోహిణికి పంతొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. కాబట్టి జాబితా మొత్తంలో ఇదే సులువైనదని అనుకున్నాను. డిగ్రీ దాకా చదువుకున్నాను, అయినా అనుకున్నాను.

తహసీల్దారు కార్యాలయం మా గేటు నుంచి సరిగ్గా పదహారు వందల మీటర్లు. రోహిణి ఫోనులో కొలిచి చెప్పింది. "నేను పరిగెత్తుకుంటూ వెళ్తానమ్మా, నువ్వు ఆటోలో రా" అంది. అది మొదటిసారి.

సీనియర్ అసిస్టెంటు సన్యాసిరావు గారు దరఖాస్తును ముందూ వెనకా తిప్పి చూశారు.

"పెళ్ళి కాలేదనడానికి ఆధారమేదమ్మా?"

"కాలేదు కదండీ."

"అది మీ మాట. ఆధారం?"

"జరగనిదానికి ఆధారం ఎక్కడి నుంచి తెస్తామండీ?"

"అదే కదా, అందుకే ఫైలు ఓపెన్ చెయ్యాల" అని ఆయన కొత్త అట్ట ఒకటి తీసి, దానికి తాడు ఎక్కించారు.

విషయం ఏమిటంటే, కిందటేడు ఇదే కార్యాలయం ఒక కుర్రవాడికి పెళ్ళి కాలేదని పత్రం ఇచ్చింది. అతను శిక్షణలో ఉండగా భార్య చంకలో బిడ్డతో గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. కలెక్టరేటు నుంచి మెమో వచ్చింది. ఇకపై అవివాహిత ధ్రువపత్రాలను క్షుణ్ణమైన విచారణ అనంతరమే జారీ చేయవలెనని, ఉల్లంఘించినవారిపై చర్యలుండునని. ఆ మెమోకు ప్లాస్టిక్ తొడుగు వేయించి తహసీల్దారు వైకుంఠరావు గారు తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. ఆయన ఎవరితో మాట్లాడినా కళ్ళు మధ్యమధ్య దాని మీదకు వెళ్ళి వస్తుంటాయి.

"చూడండమ్మా, ఉన్నదాన్ని ధ్రువీకరించడం ఎవరైనా చేస్తారు" అన్నారాయన. "ఇల్లుందంటే వెళ్ళి చూస్తాం. పొలముందంటే గొలుసు వేసి కొలుస్తాం. లేనిదాన్ని ధ్రువీకరించడమే పరిపాలనలో అత్యంత బాధ్యతాయుతమైన ప్రక్రియ. ఒకటి లేదు అని చెప్పాలంటే, అది ఉండదగిన ప్రతి స్థలములోనూ వెతికి, అక్కడ లేదని నమోదు చేసుకోవాలి."

నేను డిగ్రీలో తర్కశాస్త్రం చదివాను. ఆయన మాటలో తప్పు కనిపించలేదు. తప్పు లేని మాట మనిషిని ఎంత దూరం నడిపించగలదో అప్పటికింకా నాకు తెలియదు.

"పెళ్ళి ఉండదగిన స్థలమంటే ఏమిటండీ?" అన్నాను.

"కల్యాణ మండపాలు" అన్నారు సన్యాసిరావు గారు. "మన టౌన్లో పదకొండున్నాయి."

పదకొండు మండపాల నుంచీ, సదరు కుమారి మజ్జి రోహిణి వివాహము మా ప్రాంగణమున జరిగియుండలేదు అని ముద్ర వేసిన లేఖలు తేవాలి. మొదటి మండపం మేనేజరు లెటర్‌హెడ్ చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

"జరిగినాదని రాయమంటే రాసిస్తానమ్మా. జరగనేదని ఏటని రాయాల? మా హాల్లో జరగని పెళ్ళిళ్ళు దేశంలో చానా ఉన్నాయి కదా. అందరూ వస్తే నాకు లెటర్‌హెడ్లు సరిపోతాయేటి?"

అయినా రాసిచ్చాడు. పోతూ పోతూ, జరిగేటప్పుడు మాత్రం తమ హాలును మర్చిపోవద్దని రోహిణికి కార్డు ఇచ్చాడు.

పది లేఖలు వారంలో వచ్చాయి. పదకొండో మండపం ఇంకా కడుతున్నారు, పైకప్పు లేదు. అక్కడ పెళ్ళి జరిగే వీలే లేదు కదా అన్నాను. "పైకప్పు లేదన్న విషయం మాకు అధికారికంగా తెలియదు కదమ్మా" అన్నారు సన్యాసిరావు గారు. దాంతో సిమెంటు బస్తాల మీద కూర్చున్న మేస్త్రీ చేత రాయించుకొచ్చాం. అతనికి ముద్ర లేదు. బొటనవేలు సున్నంలో ముంచి వేశాడు.

ఏదైనా ఒక కాగితం మర్చిపోయామని కార్యాలయం వాళ్ళు చెప్పినప్పుడల్లా రోహిణి ఇంటికి పరిగెత్తి తెచ్చేది. ఫోటో చాలదన్నారు, పరిగెత్తింది. ఆధారు నకలు మీద సంతకం లేదన్నారు, పరిగెత్తింది. సంతకం నీలం సిరాతో ఉండాలన్నారు, మళ్ళీ పరిగెత్తింది. పదకొండు మండపాలూ పూర్తయ్యేసరికి దాని సమయం ఎనిమిది నిమిషాలకు దిగింది. ఇది వాళ్ళకు తెలియదు. తెలిస్తే ఆటోలో రమ్మని ఉత్తర్వు ఇచ్చేవారు.

మండపాల్లో లేదని తేలింది. "కాని వివాహం మండపంలోనే జరగాలని లేదు" అన్నారు వైకుంఠరావు గారు. "గుడిలో జరగవచ్చు, కొండ మీద జరగవచ్చు, పరాయి జిల్లాలో జరగవచ్చు. కాబట్టి మనమే వెళ్ళి వెతకడం కంటే, భర్తనే ముందుకు రమ్మని ఆహ్వానించడం మేలు."

అలా బహిరంగ ప్రకటన వెలువడింది. బస్టాండులో, కూరగాయల మార్కెట్టులో, రేషన్ షాపుల తలుపుల మీద అంటించారు. మా అమ్మాయి ఫోటో కింద ఇలా ఉంది:

"ఇందుమూలముగా సర్వజనులకు తెలియజేయునదేమనగా, కుమారి మజ్జి రోహిణి, వయస్సు పంతొమ్మిది, ఎత్తు నూట అరవై నాలుగు సెంటీమీటర్లు, చామనఛాయ, ఇంటర్మీడియట్ ప్రథమ శ్రేణి, ఏ విధమైన దీర్ఘవ్యాధులూ లేనిది, తాను అవివాహితనని ప్రకటించుకొనియున్నది. ఈ యువతి విషయమై ఆసక్తి గలవారు పదిహేను రోజులలోగా తగు వివరములతో దిగువ సంతకందారుని సంప్రదించవలెను."

'ఆసక్తి' అని ఎందుకు రాశారని సన్యాసిరావు గారిని అడిగాను. భూముల ప్రకటనల్లో 'హక్కు, ఆసక్తి గలవారు' అని ఉంటుందట. హక్కు అన్న మాట ఆడపిల్ల విషయంలో బాగుండదని తీసేశారట. సున్నితమైన మనిషి.

పదిహేను రోజుల్లో భర్తలెవరూ రాలేదు. భర్తలు కాదలచినవాళ్ళు తొమ్మిది మంది వచ్చారు.

మా ఊరి జనాన్ని నేను తప్పుపట్టను. ఫోటో ఉంది, ఎత్తుంది, రంగుంది, చదువుంది, జబ్బుల్లేవని ప్రభుత్వమే పూచీ పడింది. ఇంత నమ్మకమైన సంబంధం ఏ పెళ్ళిళ్ళ పేరయ్యా తేలేడు. తొమ్మిది జాతకాలు, తొమ్మిది ఫోటోలు తహసీల్దారు కార్యాలయానికి వచ్చిపడ్డాయి. సన్యాసిరావు గారు ఒక్కొక్కదానికీ నంబరు వేసి ఫైలులో కలిపారు. తాడు చాలక ఇంకో తాడు ముడివేశారు.

వైకుంఠరావు గారి ముఖంలో మొదటిసారి దిగులు చూశాను.

"మీ అమ్మాయికి వివాహం కాలేదన్నది నిజమే కావచ్చునమ్మా. కాని ఆమె వివాహానికి సంబంధించి తొమ్మిది అర్జీలు ఈ కార్యాలయంలో పెండింగులో ఉన్నాయి. అర్జీలు పెండింగులో ఉండగా ఏమీ లేదని నేనెలా రాయను?"

"వాళ్ళకు మేం పిల్లనివ్వమండీ. తీసి అవతల పడెయ్యండి."

"ప్రభుత్వానికి వచ్చిన కాగితాన్ని పడేయడమా!" ఆయన కళ్ళు మెమో మీదకు వెళ్ళి వచ్చాయి. "ప్రతి అర్జీదారునూ పిలిపించి, ఉభయపక్షాల పరస్పర పరిశీలన జరిపి, కారణసహితంగా తిరస్కరించిన మీదట మాత్రమే ముగించాలి."

"పరస్పర పరిశీలన అంటే?"

"పెళ్ళిచూపులమ్మా" అన్నారు సన్యాసిరావు గారు, ఫైలు వైపు చూస్తూ.

ర్యాలీకి పదిహేను రోజులుంది.

మంగళవారం, గురువారం ఉదయం పదకొండింటికి కార్యాలయం సమావేశ మందిరంలో పెళ్ళిచూపులు పెట్టారు. గోడ మీద గ్రామాల పటం, దాని కింద పెళ్ళికొడుకు తాలూకు వాళ్ళు. రోహిణి ఇంటి నుంచి పరిగెత్తుకుని వచ్చి, ట్రాక్‌సూట్‌లో చెమటలు తుడుచుకుంటూ ఎదురుగా కూర్చునేది. పళ్ళెం నేను తేవాలన్నారు, పద్ధతి ప్రకారం తల్లి తేవాలట. మిరపకాయ బజ్జీలు కార్యాలయమే తెప్పించింది. ఎక్కువ భాగం కార్యాలయమే తింది.

'తిరస్కరణ కారణము' అని ఒక గడి ఉంది. సన్యాసిరావు గారు అందులో జాగ్రత్తగా రాసుకునేవారు. ఒకరికి పిల్ల జుట్టు పొట్టి. ఒకరికి పెళ్ళికొడుకు కన్నా పిల్ల రెండంగుళాలు ఎక్కువ. "పరిగెట్టే అలవాటున్న ఆడపిల్ల రేపు ఏ వైపు పరిగెడతాదో ఎవరు చూడొచ్చారు" అన్నాడు ఒక పెదనాన్న. అది కూడా రాశారు. వచ్చే జీవితకాలమంతా మా అమ్మాయిని ఎవరెవరు ఎందుకెందుకు వద్దన్నారో ప్రభుత్వ దస్తావేజులో భద్రంగా ఉంటుంది.  రోహిణి మాత్రం ఎనిమిది మంది తనను కాదన్నాక సంతోషంగా ఇంటికి పరిగెత్తింది. ఏడు నిమిషాల ఇరవై సెకండ్లు.

తొమ్మిదో అర్జీ దాలమ్మ గారిది. పాల వ్యాపారం. ముక్కుకు రెండు వైపులా ముక్కెరలు, గట్టి గొంతు. పక్కన కొడుకు ఉమామహేశ్, మెత్తగా, బజ్జీల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఎంత దూరం పరిగెడతావమ్మీ?" అందావిడ.

"పదహారు వందల మీటర్లండీ."

"ఏపాటి సేపట్లో?"

"ఏడు నిమిషాల చిల్లర."

దాలమ్మ గారు కొడుకు వైపు తిరిగింది. "ఇన్నావురా? మన నల్లగేదె తాడు తెంపుకుంటే నువ్వు కల్లం దాకా ఎల్లి కూలబడిపోతావు." నా వైపు తిరిగి, "మాకు నలభై గేదెలమ్మా. ఇలాటి కోడలి కోసరమే మూడేళ్ళ నుంచి ఎతుకుతున్నాను. నాకు నచ్చినాది" అంది.

"అమ్మా, ఆ అమ్మాయి మిలట్రీకి ఎల్లిపోతాదట" అన్నాడు ఉమామహేశ్, ఆశగా.

"ఎల్లనీ. ఆ కొలువు నాలుగేళ్ళే కదా. ఆగుతాను. గేదెలెక్కడికి పోతాయేటి?"

 సన్యాసిరావు గారి కలం గడి మీద ఆగిపోయింది. ఆ గడిలో రాయడానికి ఏమీ లేదు.

"అర్జీదారు నాలుగు సంవత్సరములు నిరీక్షించుటకు సిద్ధమని వాంగ్మూలమిచ్చినందున" అన్నారు వైకుంఠరావు గారు మెల్లగా, "సదరు అర్జీ నాలుగు సంవత్సరముల వరకు పెండింగులో కొనసాగును."

"నేను వద్దంటున్నాను కదా సార్!" అంది రోహిణి. అన్ని రోజుల్లో అది ఎదురు మాట్లాడడం అదే మొదలు. "నాకు ఇష్టం లేదు. రాసుకోండి."

"చూడమ్మా, నీ భావన నాకు అర్థమవుతోంది. కాని ఈ ఫైలులో నువ్వు విషయానివి, పక్షానివి కావు. తిరస్కరించే అధికారం సంరక్షకులది."

"నేను సంరక్షకురాలిని" అన్నాను. "తిరస్కరిస్తున్నాను. ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఆయన మెమో వైపు చూశారు, తర్వాత నా మెడ వైపు, మళ్ళీ మెమో వైపు.

"వివాహిత అయిన తల్లే సంరక్షకురాలు. మీరు వివాహిత అనడానికి ఆధారం ఉందా అమ్మా?"

నవ్వు వచ్చింది. నవ్వి తప్పు చేశాను. నవ్వును ఆయన సమాధానం దాటవేయడంగా నమోదు చేయించారు.

మర్నాడు మా పెళ్ళి శుభలేఖ తీసుకువెళ్ళాను. "ఇది ఉద్దేశం మాత్రమే, సంఘటన కాదు" అన్నారు సన్యాసిరావు గారు. ఆల్బం తీసుకువెళ్ళాను. ఇరవై నాలుగేళ్ళ కిందటి ఫోటోలు. తాళి కట్టే సమయానికి మా ఆడపడుచు అడ్డం వచ్చింది, ఆవిడ భుజం వెనక నుంచి ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. ఆయన భూతద్దం పెట్టి చూశారు. "కడుతున్నట్టే ఉన్నాది. కాని ఈ చెయ్యి ఎవరిదో తేలట్లేదమ్మా."

ఇరవయ్యేళ్ళుగా ఈ కార్యాలయమే ఇస్తున్న రేషన్ కార్డు చూపించాను. నా పేరు పక్కన 'భార్య' అని ఉంది.

"రేషన్ కార్డు బియ్యానికి ఆధారమమ్మా. పెళ్ళికి కాదు."

"పోనీ, ఆయన్నే తీసుకొస్తాను. నన్ను కట్టుకున్న మనిషిని."

"ఆయన భర్త అని తేలితేనే కదా ఆయన మాట భర్త మాట అవుతాది. మీరు పెళ్ళైనవారని తేలితేనే ఆయన భర్త అని తేలతాది. ముందు మీది తేల్చాల."

వివాహ స్థితిని తేల్చడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే నమూనా. రోహిణికి వాడినదే. దాన్నే నాకూ వాడారు. మండపాలకు నోటీసులు వెళ్ళాయి. మా పెళ్ళి మా పుట్టింటి ఊళ్ళో, ఇంటి ముందు తాటాకు పందిట్లో జరిగింది. పదకొండు మండపాలూ జరగలేదనే రాశాయి, ఇంకా కడుతున్నదానితో సహా. ప్రకటన అంటించారు. ఈసారి గడువు వారమే, ఎత్తూ రంగూ రాయలేదు, ఫోటో కూడా చిన్నది. ఆసక్తి గలవారెవరూ రాలేదు.

అన్నిటికన్నా నన్ను బాధించింది ఏమిటంటే, ఆ ప్రకటన మా మందుల షాపు ఎదుటి కరెంటు స్తంభానికే అంటించారు.

"చూశారా?" అని అడిగాను మా ఆయన్ని.

"చూసినాను. ఫోటో బాగానే వచ్చినాదే" అన్నారు, పేపరు మడుస్తూ.

"ఆసక్తి గలవారు రావాలని రాసుంది."

"నాకెందుకు, మనకి పెళ్ళైపోనాది కదా!"

ర్యాలీ ముందు రోజు మధ్యాహ్నం నా ఫోనుకు సందేశం వచ్చింది. మీ దరఖాస్తు విజయవంతంగా పరిష్కరించబడినది, సేవ పట్ల మీ సంతృప్తిని ఒకటి నుంచి ఐదు వరకు తెలపండి అని. రోహిణి, నేను కార్యాలయానికి వెళ్ళాం. జిల్లా కేంద్రానికి బస్సు సాయంత్రం ఆరింటికి. ర్యాలీ మైదానంలో తెల్లవారకముందే వరుసలో నిలబడాలి.

సన్యాసిరావు గారు రెండు కాగితాలు ఇచ్చారు. మొదటిది మంచి దళసరి కాగితం, మీద అశోక స్తంభం, కింద డిజిటల్ సంతకం. శ్రీమతి మజ్జి ఇందుమతి, వయస్సు నలభై ఆరు, క్షుణ్ణమైన విచారణ అనంతరము అవివాహిత అని నిర్ధారించడమైనది. చెల్లుబాటు ఆరు నెలలు. నా పేరు ముందు శ్రీమతి అని వాళ్ళే వేశారు.

రెండోది రోహిణికి. సంరక్షకురాలు అవివాహిత అని తేలినందున ఆమె తిరస్కరణ చెల్లదు. అర్జీ తొమ్మిది పెండింగులో ఉన్నది. దరఖాస్తు నాలుగు సంవత్సరముల అనంతరము పరిశీలించబడును.

రోహిణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. బెంచీ మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టింది. తొమ్మిది నిమిషాల నుంచి ఆరు నిమిషాల యాభై ఐదుకు వచ్చిన పిల్ల. నలభై రోజుల్లో ఒక్కసారి కూడా ఆ బూట్లను ఇంటి గుమ్మం దాటాక విప్పినది కాదు.

"విప్పకు" అన్నాను.

తహసీల్దారు గారి గదిలోకి వెళ్ళాను. రమ్మనకుండా వెళ్ళడం అదే మొదటిసారి. దళసరి కాగితాన్ని ఆయన బల్ల మీద, మెమో పక్కన పరిచాను.

"ఈ సంతకం తమదేనా అండీ?"

"డిజిటల్ సంతకం అమ్మా. దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది."

"విచారణ క్షుణ్ణంగా జరిగిందా?"

"మా సర్వీసులో ఇంత క్షుణ్ణంగా ఏదీ జరగలేదు" అన్నారు, కొంచెం గర్వంగానే.

సంచీలోంచి రేషన్ కార్డు తీసి కాగితం పక్కన పెట్టాను. దాని పక్కన రోహిణి పుట్టిన పత్రం. తల్లి ఇందుమతి, తండ్రి గౌరునాయుడు. మూడింటి మీదా ఒకే అశోక స్తంభం.

"కిందటేడు పెళ్ళై ఒక బిడ్డ ఉన్నవాడికి పెళ్ళి కాలేదని ఇచ్చినందుకు కదండీ ఈ మెమో వచ్చింది. ఈ ఏడు ఇరవై నాలుగేళ్ళుగా కాపురం చేస్తున్నదానికి ఇచ్చారు. దాని కూతురు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఈ కాగితాలు మూడూ ఒకదానికొకటి జతపరిచి కలెక్టరేటుకు పంపుదామనుకుంటున్నాను. ఫిర్యాదు కాదండీ, మీ విచారణకు మాదిరి పత్రంగా."

"రేషన్ కార్డు బియ్యానికి మాత్రమే…" అన్నారు, గొంతులో గర్వం సగానికి దిగింది.

"అవునండీ. మెమో రాసినవారు కూడా అలాగే అనుకుంటారేమో కనుక్కుంటాను."

ఆయన కాగితాలను చూశారు. మెమోను చూశారు. బల్ల అద్దం కింద ఆ మెమోకు పక్కన ఇంకొకటి పట్టేంత చోటుంది. అది కూడా చూశారు.

"సన్యాసిరావ్!"

నలభై ఒక్క రోజుల్లో కాని పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. స్టాప్‌వాచ్ రోహిణి మెడలోనే ఉంది, అలవాటుకొద్దీ నొక్కిందట. దాలమ్మ గారి అర్జీని ఏం చేశారని అడిగాను. 'గేదెల పట్టివేత వివాహ కారణముగా పరిగణించబడదు' అని ఆ గడిలో రాసి ముగించారు. ముందే రాయవచ్చు కదా అంటే, ముందు తోచలేదన్నారు సన్యాసిరావు గారు.

పత్రం చేతికి వచ్చేసరికి అయిదుంబావు. బ్యాగు ఇంట్లో ఉంది. నేను ఆటో కోసం చూస్తుంటే రోహిణి అప్పటికే సందు మలుపు తిరిగింది.

మర్నాడు మైదానంలో ఫెన్సింగు బయట వందల మంది తల్లిదండ్రులతో నిలబడ్డాను. ఆరు నిమిషాల నలభై తొమ్మిది. కాగితాల బల్ల దగ్గర ఒక మీసాల హవల్దారు అవివాహిత పత్రం తీసుకుని, ఫోటోను, రోహిణి ముఖాన్ని ఒకసారి చూసి, కట్టలో కిందికి తోశాడు. "నెక్స్ట్" అన్నాడు. ఎందుకైనా మంచిదని నేను సంచీలో మోసుకెళ్ళిన నూట డెబ్భై మూడు పేజీల ఫైలు నకలును ఎవరూ అడగలేదు. సున్నం వేలిముద్ర ఉన్న పేజీ దారిలో రాలిపోయిందని తర్వాత చూసుకున్నాను.

మూడు నెలలైంది. రోహిణి శిక్షణలో ఉంది. ఆదివారాలు ఫోను చేస్తుంది. అక్కడ అన్నిటికీ పరిగెత్తాల్సిందేనట, కాని వెళ్ళిన చోట కాగితం అడగరట.

వైకుంఠరావు గారు సన్యాసిరావు గారిని రెండుసార్లు మా ఇంటికి పంపారు, నా పత్రం తిరిగి ఇచ్చేయమని. రద్దు చేయాలట.

"ఎలా రద్దు చేస్తారండీ?" అని అడిగాను, కాఫీ ఇచ్చి.

"మీకు పెళ్ళైనాదని రుజువు పెట్టాలమ్మా."

"ఏ రుజువూ లేదని మీరే కదండీ తేల్చారు."

ఆయన కాఫీ మొత్తం తాగి, కాసేపు గోడ మీది మా పెళ్ళి ఫోటో వైపు చూసి వెళ్ళిపోయారు. అందులో మా ఆడపడుచు భుజం స్పష్టంగా కనిపిస్తుంది.

పత్రాన్ని వంటింట్లో పోపుల డబ్బా పైన, రోహిణి ఎత్తు గీసిన గుమ్మానికి ఎదురుగా అంటించాను. మొన్న గౌరునాయుడు గారు పడక కుర్చీలోంచి, "ఏటే, రెండో కాఫీ ఏది?" అని కేకేశారు. నేను కూర తరుగుతూనే ఉన్నాను. ఆయనే లేచి వంటింట్లోకి వచ్చారు. కాగితం ముందు నిలబడి చదివారు. కళ్ళజోడు తెచ్చుకుని, చెల్లుబాటు తేదీ దాకా మళ్ళీ చదివారు.

"ఇంకా మూడు నెలలుందేటే ఇది?"

"మూడు నెలల నాలుగు రోజులు."

ఆయన పంచదార డబ్బా ఎక్కడుందని అడిగారు. చెప్పాను. ఒక కప్పు నాకూ కలిపారు.